నూతిమేడ గోడ

నూతిమేడ గోడను మళ్ళీ కట్టించింది నేనే. తాపీ పట్టలేదు, ఇటుక మోయలేదు. అంతకంటే పెద్ద పనే చేశాను. ఆధారం చూపించాను.

రేపల్లె నుంచి పెనుమూడి వెళ్ళే దారిలో, ఏరు ఇంకా కంటికి కనపడకముందే గాలిలో దాని వాసన తగిలే చోట ఉంటుంది ఆ ఇల్లు. మేడ అంటారు గానీ పైన ఉన్నది ఒక్క గదే. కింద పొడుగాటి వసారా, వరసగా టేకు స్తంభాలు, వెనక ధాన్యపు కొట్టు. పక్కగా, వీధికి ఆనుకుని నుయ్యి. ఇంటికి ఆ పేరు నూతి వల్లే వచ్చింది. పోటు వేళ సముద్రం ఏట్లోకి ఎగదన్నుకొచ్చే మా వైపు ఎక్కడ తవ్వినా ఉప్పు నీళ్ళే. ఆ ఒక్క నూతిలో తియ్యటి నీళ్ళు. కారణం భూమి లోపల ఉన్న ఇసుక పొర. ఇసుక పొర అంటే మనవాళ్ళకి తృప్తిగా ఉండదు కాబట్టి తలా ఒక కథ చెబుతారు.

ఆ నుయ్యి సగం ఇంటిది, సగం వీధిది. ప్రహరీ గోడ రెండు వైపుల నుంచీ వచ్చి నూతి దగ్గర ఆగిపోయేది. లోపలి వైపు గిలక ఉండేది. బయటి వైపు ఏమీ లేదు, రాతి గట్టు మాత్రమే. ఇంటివాళ్ళు లోపలి నుంచి, పల్లెపాలెం ఆడవాళ్ళు వీధిలోంచి తోడుకునేవాళ్ళు. చేపలు పట్టి బతికే కుటుంబాల పేట అది. కుళాయిలు వచ్చాక కూడా, ఎండాకాలం ఆ కుళాయి నీళ్ళు నోట పెట్టలేక బిందెలతో ఆ నూతి దగ్గరికే వచ్చేవాళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే ఏర్పాటు. అది మొదటి నుంచీ అలాగే ఉందనుకున్నాను. దేవుడున్నాడా అని అడిగాను, జాతకాలు నిజమా అని అడిగాను, పూనకం అంటే ఏమిటని అడిగి పెద్దవాళ్ళ చేత తిట్లు తిన్నాను. గోడ నూతి దగ్గర ఎందుకు ఆగిందని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

ఇంటి యజమాని నేను చూసేనాటికే పోయారు. ధాన్యం వ్యాపారం చేసిన రైతు. పిల్లలు లేరు. వసారానీ పక్క గదినీ పఠనాలయానికి రాసిచ్చి పోయారు. ప్రతి ఆదివారం పొద్దున అక్కడ చర్చ జరిగేది. డిగ్రీ చదివే రోజుల నుంచి నేను అక్కడే పెరిగానని చెప్పాలి. నాకు మాట్లాడటం నేర్పింది కాలేజీ కాదు, ఆ వసారా.

చర్చకు ఒకటే నియమం. ఎవరైనా ఆధారం లేని మాట అంటే, నడిపే పెద్దమనిషి చెక్క రూళ్ళకర్రతో బల్ల మీద ఒక్కటి కొడతాడు. వెంటనే కూర్చున్నవాళ్ళంతా ఒక్క గొంతుతో “ఆధారం” అంటారు. మాట్లాడేవాడు చూపించాలి, లేదా కూర్చోవాలి. కూర్చున్నాడంటే ఆ సంగతి మీద అతను మళ్ళీ నోరెత్తకూడదు. ‘కూర్చోబెట్టిన మాట లేవదు’ అనేవాళ్ళం. ఎంత గొప్పగా ఉండేదో ఆ నియమం. భూస్వాముల కొడుకుల్ని కూర్చోబెట్టాం. వేదంలో విమానాలున్నాయన్న సంస్కృతం మాష్టార్ని కూర్చోబెట్టాం. ఆయన ఆ తర్వాత మా వీధిలో నడవడం మానేశారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోయాక ఆ రూళ్ళకర్ర నా చేతికొచ్చింది. ఉద్యోగం తెనాలిలో, కాపురం తెనాలిలో. అయినా నెలకొక ఆదివారం పాసింజరెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగి, ఆ కర్ర పుచ్చుకునేవాణ్ణి.

ఆ వసారా ఊడ్చే మనిషి ఒకావిడ ఉండేది. పల్లెపాలెం మనిషి. పొద్దున్నే వచ్చి ఊడ్చి, బెంచీలు తుడిచి, తర్వాత చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళేది. ఒక్కోసారి తట్ట మెట్ల కింద దించి, చర్చ వింటూ నిలబడేది. మేము లోపలికి పిలవలేదు. పిలవలేదన్న సంగతి అప్పట్లో నాకు తట్టనే లేదు. సమానత్వం మీద గంటల తరబడి మాట్లాడేవాళ్ళం, ఆవిడ మెట్ల కింద నుంచి వినేది. ఇప్పుడావిడకి ఎనభై దాటాయి. నేను పెద్దమ్మా అంటాను, ఆవిడ నన్ను మేష్టారూ అంటుంది.

కొన్నేళ్ళ కిందట నూతిమేడను వారసత్వ కట్టడంగా కాపాడాలని ఒక కమిటీ బయలుదేరింది. వారసత్వం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ దేశంలో ఆ మాట వాడేవాళ్ళకి కావలసింది స్తంభాలు, చెక్కడాలు, ఫొటో. ఆ స్తంభాల మధ్య ఎవరు నిలబడ్డారు, ఎవరిని నిలబడనివ్వలేదు అన్నది అక్కర్లేదు. అయినా ఇల్లు కూలిపోయే స్థితిలో ఉంది. వసారా పైకప్పు ఒక వైపు కుంగింది. సరే, వెళ్ళాను.

కమిటీ అధ్యక్షుడు రైసుమిల్లు ఆసామి. మర్యాదస్తుడు. మా చర్చలకి కుర్రతనంలో నాలుగైదు సార్లు వచ్చినవాడే. మొదటి సమావేశం ఆ వసారాలోనే పెట్టాడు. ఎవరో స్వామివారు దేశాటనలో ఈ నూతి దగ్గర స్నానం చేశారట, ఆ పూట నుంచి నీళ్ళు తియ్యనయ్యాయట. ఆ సంగతి పలక మీద చెక్కిస్తే బాపట్లలో పని తొందరగా అవుతుందని ఆయన ఉద్దేశం. జిల్లా కార్యాలయాలు ఇప్పుడు బాపట్లలో ఉన్నాయి కదా.

నేను ఊరుకుంటానా? పక్కగది బీరువాలో, చెదలు ముట్టని అట్టల మధ్య, ఇల్లు కట్టినప్పుడు గీయించిన పటం ఒకటి నాకు దొరికింది. బట్ట అంటించిన దళసరి కాగితం, నల్ల సిరా గీతలు. నుయ్యి అందులో ఉంది, పక్కన ‘మంచి నీళ్ళు’ అని రాసి ఉంది. అంటే ఇల్లు కట్టేనాటికే నీళ్ళు తియ్యన. స్వామివారు ఎప్పుడొచ్చారో మరి. ఆ పటం పైకెత్తి చూపించి పావుగంట మాట్లాడాను. మళ్ళీ పాతికేళ్ళ వాణ్ణయినట్టు అనిపించింది. స్వామి కూర్చున్నాడు.

అదే పటంలో ప్రహరీ గీత నూతి బయటి వైపు నుంచి ఎక్కడా తెగకుండా సాగిపోయింది. నేను చూశాను. చూసి, గీసినవాడి తొందరనుకున్నాను.

అప్పుడు మెట్ల దగ్గర నుంచి పెద్దమ్మ లేచి నిలబడింది.

“నేనోమాట చెప్తానండి. ఈ ఇంటి అయ్యగారికి గంగమ్మ కల్లో కనపడిందని చెప్పుకునేవోళ్ళండి. ఏంటయ్యా, నన్నిట్టా గోడెనకాల...”

స్వామిని ఇప్పుడే సాగనంపాను, వెనకాలే గంగమ్మ వచ్చింది. నా చెయ్యి దానంతటదే లేచింది. బల్ల మీద ఒక్కటి కొట్టాను. పాత సభ్యులు ఆరేడుగురున్నారు. చర్చలు ఆగిపోయాక చాలా ఏళ్ళకి ఆ చప్పుడు విన్న ముచ్చట కొద్దీ, నవ్వుతూ, ఒక్క గొంతుతో “ఆధారం” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఎవరికీ ఆవిడను అవమానించాలని లేదు. అవమానాలు సాధారణంగా అలాగే జరుగుతాయి. ఆవిడ నా వంక ఒక క్షణం చూసి మెట్టు మీద కూర్చుంది.

తర్వాత కమిటీ వేసిన సంచికలో నేనొక వ్యాసం రాశాను. నోటిమాట చరిత్ర కాదు, కట్టడాన్ని దాని మొదటి పటం ప్రకారమే పునరుద్ధరించాలి, మధ్యలో చేరిన అతుకులూ కథలూ రెండూ తీసేయాలి అని. సిమెంటు పూతల గురించీ రేకుల పంచ గురించీ రాస్తున్నానని నా మనసులో. చదివినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. స్వామి కథ చెప్పిన అధ్యక్షుడు కూడా ఫోను చేసి, కళ్ళు తెరిపించారండి అన్నాడు.

మధ్యలో మోకాలు చికిత్సయి కొన్ని నెలలు నేను తెనాలి దాటలేదు. తిరిగి వెళ్ళేసరికి మేడ కొత్త సున్నంతో మెరుస్తోంది. గానుగ సున్నం, పాత పద్ధతి. స్తంభాలకి నూనె పట్టించారు. నిజంగా బాగుంది. మెచ్చుకుంటూ పక్కకి తిరిగితే నుయ్యి కనపడలేదు. గోడ కనపడింది. ఈ చివర నుంచి ఆ చివరికి, నిలువెత్తు గోడ, పైన ఒక చోట ఇటుక వరస ఇంకా పచ్చిగా ఉంది. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని దాని వంక చూస్తున్నారు.

పని చూసే ఇంజినీరు కుర్రవాడే గానీ తెలివైనవాడు, నా మాట శ్రద్ధగా విన్నాడు. విని, సంచిలోంచి నా పటం తాలూకు నకలు తీసి గోడ గీత మీద వేలు పెట్టాడు.

“మొదటి పటం ప్రకారమే సార్. మీరు రాసిందే. తవ్వితే పాత పునాది కూడా సరిగ్గా ఆ గీత మీదే దొరికింది. మధ్యలో ఎవరో పడగొట్టారు.”

ఎవరో పడగొట్టారు. అక్కడ నిలబడే నాకు మెట్టు దగ్గర ఆగిపోయిన మాట గుర్తొచ్చింది: ‘నన్నిట్టా గోడెనకాల.’

పల్లెపాలెం వెళ్ళాను. అన్నేళ్ళ స్నేహంలో ఆవిడ ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. పాకముందు పరదా పట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. నాకు కుర్చీ వేయించింది. గోడ సంగతి అడిగాను. చేపలు తిరగేస్తూనే, కళ్ళెత్తకుండా చెప్పింది.

ఆవిడకి ఏడెనిమిదేళ్ళ నాటి సంగతి. అప్పుడు గోడ ఉండేది. పాలెం ఆడవాళ్ళు గేటు బయట బిందెలు పెట్టి నిలబడితే, లోపలివాళ్ళకి తీరికైనప్పుడు ఎవరో తోడి పైనుంచి పోసేవాళ్ళట. బిందె తాకకూడదు. ఒక ఎండాకాలం పొద్దున వాళ్ళమ్మ చంటిబిడ్డతో నిలబడింది. మధ్యాహ్నందాకా ఎవరూ పోయలేదు. యజమాని పెనుమూడి రేవు నుంచి ఇంటికొస్తూ ఆవిడను చూశాడు. ఎంతసేపయిందని అడిగాడు. లోపలికెళ్ళి ఎవరినీ ఏమీ అనలేదు. కొట్లోంచి గునపం తెచ్చి గోడను పొడవడం మొదలుపెట్టాడు. పాలేళ్ళు చెయ్యి వేయడానికి భయపడ్డారు. చీకటి పడకముందే నూతి అడ్డం ఉన్నంత మేర నేలమట్టం చేశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. చేద వాళ్ళమ్మ చేతికిచ్చి, “తోడమ్మా, నాకూ కాసిని పొయ్యి” అని దోసిలి పట్టి తాగాడు. తాడు కొస తను పట్టుకుందట పెద్దమ్మ.

“మర్నాడు చుట్టాలంతా వచ్చి తగువేసుకున్నారండి. మంగలి రాడు, పురోహితుడు రాడు, అంతా వెలేస్తామన్నారు. అప్పుడన్నాడాయన, గంగమ్మ కల్లోకొచ్చి ఏంటయ్యా నన్నిట్టా గోడెనకాల దాచావని అడిగింది, కాదంటే మీరే ఆవిడకి జవాబు చెప్పుకోండి అని. ఇంకెవరు మాట్టాడతారండి.”

“ఆయన గంగమ్మను నమ్మేవాడా?” అని అడిగాను.

ఆవిడ మొదటిసారి నవ్వింది. “ఆయనకి గంగమ్మేంటండి. మీకంటే పెద్ద నాస్తికుడు. నేనా ముక్కకే వస్తన్నాను. ఈలోగా మీరు బల్ల కొట్టారు.”

పొలం గట్టున మొక్కు చెల్లించే ఊరి నోరు మూయించడానికి ఒక నాస్తికుడు దేవతను ముందు పెట్టి ఆడిన అబద్ధం అది. నా జీవితం మొత్తంలో నేను విన్న అన్నిటికంటే తెలివైన వాదం. దాన్ని మూఢనమ్మకమని కూర్చోబెట్టాను. ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. గోడ పడగొట్టినవాడు కాగితం మీద సంతకం పెట్టి పడగొట్టడు కదా. గోడ కట్టినవాడే పటం గీయించుకుంటాడు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు డెబ్భై ఏళ్ళు పట్టింది.

బాపట్ల రమ్మన్నాను. నాతో చెప్పిందే అక్కడ చెప్పమన్నాను. కారు తెస్తానన్నాను. కళ్ళతో చూసిన మనిషి మీరొక్కరే మిగిలారన్నాను.

“రానండి.”

ఎందుకని అడిగాను. కోపముంటే తిట్టమన్నాను.

“కోపమేంటండి. కూర్చోబెట్టిన మాట మళ్ళీ లేవదు గదా. మీ వసారా ఊడ్చినదాన్ని, నాకు తెల్దా. పేపర్లో కూడా రాశారంట గదా, నోటిమాట పనికిరాదని. మా మనవరాలు చదివి చెప్పింది.” చేపల మీద ఈగల్ని తోలి మళ్ళీ అంది. “నా నోరెందుకండి. రాళ్ళున్నాయి గదా. లోపలోళ్ళకి గిలకుంది. మాకు లేదు. గట్టు మీంచి లాగి లాగి మా తాళ్ళు రాతిని తినేశాయి. వేలు పెడితే దిగిపోద్ది. ఈదివైపే ఉంటాయి ఆ గాట్లు, లోపలేపు ఒక్కటీ ఉండదు. అది చూపించండి మీవోళ్ళకి.”

చర్చ ముగిశాక ఆ వీధివైపు గట్టు మీదే కూర్చునేవాళ్ళం మేము. ఆ గాట్లలో అగ్గిపుల్లలు పడేసేవాణ్ణి. ఆధారం అంటే ఏమిటో కొత్తగా చేరినవాళ్ళకి అక్కడ కూర్చునే వివరించేవాణ్ణి.

ఆటో ఎక్కి వచ్చాను. మోకాలు పట్టుకుని గేటు లోపలికి పరుగు లాంటి నడక నడిచాను. నూతి చుట్టూ కొత్త గ్రానైటు గట్టు, అద్దంలా నున్నగా ఉంది. తాపీ మేస్త్రిని పాత రాళ్ళేవని అడిగాను.

“అవాండీ? గోడ పునాదిలో వేసేశామండి. మంచి గట్టి రాయండి, ఎక్కడికీ కదలదింక” అన్నాడు. ఏ చోటని అడిగితే కొత్త గోడలో రెండో స్తంభం కింద అని కాలితో చూపించాడు. మంచి పనివాడు. రాళ్ళు పారేయడానికి మనసొప్పలేదట.

విన్నదంతా రాసి అర్జీ పెట్టాను. గోడ విప్పి పునాది తవ్వించమన్నాను. బాపట్లకి మూడుసార్లు తిరిగాను. కమిటీ నుంచి జవాబు వచ్చింది, చాలా గౌరవంగా. దానితో పాటు నా వ్యాసం నకలు జతచేశారు. ‘నోటిమాట చరిత్ర కాదు’ అన్న చోట కింద గీత గీసి ఉంది. గీత స్కేలుతో గీశారు, వంకర లేదు.

ప్రారంభోత్సవానికి నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. పలక మీద స్వామి లేడు. ఆ విజయం నాదే. ఇంటి నిర్మాణ శైలి గురించి, టేకు గురించి, సున్నం గురించి చెక్కించారు. నా వంతు వచ్చినప్పుడు లేచి గునపం సంగతి చెప్పడం మొదలుపెట్టాను. బొబ్బలెక్కిన అరచేతుల దాకా వచ్చాను. అధ్యక్షుడు మైకు మీద వేలితో ఒక్కటి కొట్టి, నవ్వుతూ అన్నాడు.

“ఆధారం, మేష్టారూ?”

పాతవాళ్ళు పెద్దగా నవ్వారు, సరదా కొద్దీ నలుగురైదుగురు గొంతు కలిపారు. నేను ఎదురు తిరిగి ఉండాల్సింది. సభ ఆగిపోయినా సరే నిలబడి మొత్తం చెప్పి ఉండాల్సింది. నా మోకాళ్ళు మాత్రం యాభై ఏళ్ళ అలవాటు కొద్దీ వంగాయి. కూర్చున్నాను.

ఇప్పుడు నూతికి దారి గేటులోంచే. పొద్దున పదింటికి తీస్తారు, సాయంత్రం ఐదుకి మూస్తారు. గేటు దగ్గర కాపలాదారు ఉన్నాడు. బిందె తెచ్చినవాళ్ళని ఎవరు, ఎక్కడి నుంచని అడుగుతాడు. చెడ్డవాడు కాదు, అడగమన్నారు, అడుగుతాడు. మొదటి వారం పాలెం వాళ్ళు కొందరు వెళ్ళారు. తర్వాత మానేశారు. పోసేవాళ్ళ కోసం గేటు బయట నిలబడిన మనుషుల మనవరాళ్ళు వాళ్ళు. మళ్ళీ నిలబడలేమన్నారు.

మొన్న వెళ్ళినప్పుడు పెద్దమ్మ గోడ బయట, వీధిలో, తట్ట ముందు పెట్టుకుని చేపలమ్ముతోంది. నన్ను చూసి అడిగింది, మా రాళ్ళెక్కడేశారండి అని. రెండో స్తంభం చూపించాను. ఆవిడ లేచి, తట్టను అక్కడికి జరుపుకుని, సరిగ్గా ఆ స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది.

కాపలాదారు వచ్చి, చూడటానికొచ్చేవాళ్ళకి వాసనగా ఉంటది, కొంచెం పక్కకి జరుగు మామ్మా అన్నాడు. ఆవిడ జరగలేదు. అతను నా వంక చూశాడు, చదువుకున్న పెద్దమనిషి కదా, నచ్చజెబుతాడని. ఆ గోడ గురించి, ఆ రాళ్ళ గురించి, ఆవిడకి అక్కడ ఉన్న హక్కు గురించి చెప్పడానికి నేను గొంతు సవరించుకున్నాను.

“మీరు కూచోండి మేష్టారూ,” అంది పెద్దమ్మ.

కూర్చున్నాను, ఆవిడ పక్కన, దుమ్ములో. ఆవిడ అతనితో తనే మాట్లాడింది. గునపం దగ్గర మొదలుపెట్టింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విని, మళ్ళీ అన్నాడు, కొంచెం పక్కకి జరుగు మామ్మా అని.